పిట్ట కొంచెం, కూత ఘనం – మరి మీ నడుము సంగతి?

ఈ మధ్య మా ప్రభుత్వాస్పత్రి ఓ.పి.కి నలభై రెండేళ్ల వయసున్న ఒకతను గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. నడుములో మొదలైన నొప్పి ఎడమ పిర్ర మీదుగా పిక్క దాకా లాగుతున్నదట. దగ్గినా తుమ్మినా ప్రాణం పోతున్నదట.

"ఏం పని చేస్తుంటావయ్యా?" అని అడిగాను.

"బేస్ గిటార్ వాయిస్తానండి. పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చి" అన్నాడు.

గిటార్ వాయిస్తే నడుము పోవడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. నేనూ ఆశ్చర్యపోయాను. "గిటార్ వల్ల కాదు డాక్టరుగారూ, దాని వెనకాల పెట్టె వల్ల" అని తనే చెప్పాడు. ఆ పెట్టె యాంప్లిఫయరు, స్పీకరు కలిసి ఉన్నది. బరువు 40 కిలోలు. అతని ఇల్లు రెండో అంతస్తులో. ప్రోగ్రాం ఉన్న ప్రతిసారీ దాన్ని మెట్లు దించాలి, వ్యాను ఎక్కించాలి, స్టేజీ ఎక్కించాలి. తెల్లవారుజామున మళ్లీ అదంతా వెనక్కి.

పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు ఎత్తి చూశాను. సగం కూడా లేవకముందే కేక వేశాడు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు పక్కకు జరిగి కాలికి వెళ్లే నరం మొదలును నొక్కుతున్నది. దీన్నే సయాటికా అంటాము.

మందులు రాస్తుంటే అతనొక ప్రశ్న వేశాడు. "చిన్న పెట్టెలు వస్తున్నాయండి, చేతి సంచీలో పడతాయి. కాని బరువు తగ్గితే నాదం తగ్గుతుందని మావాళ్లంతా అంటారు. నిజమేనాండీ?"

ఇలాంటి ప్రశ్నకు వైద్య గ్రంథాల్లో జవాబు దొరకదు. అయితే ఆ జవాబు తెలియకుండా నేను రాసిన మందు పనిచేయదని మాత్రం నాకు అర్థమైంది. నెల తిరక్కుండా అతను మళ్లీ ఆ పెట్టే ఎత్తుతాడు! అందుకని తెలిసినవాళ్లను అడిగి, చదివి, నాలుగు సంగతులు తెలుసుకున్నాను. మీ ఇంట్లో గిటార్ లేకపోయినా చదవండి. గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా అందరి ఇళ్లలోనూ ఉంటాయి కదా.

ఆ బరువు ఎక్కడిది?

అమెరికాలో లియో ఫెండర్ 1951లో బేస్ గిటార్‌ను బజారులోకి తెచ్చాడు. అంతకుముందు మంద్రస్వరానికి మనిషెత్తు డబుల్ బేస్ వాయించేవారు. దాన్ని ఊరూరా తిప్పడం పెద్ద యాతన. కొత్త వాద్యం ఆ యాతన తప్పించింది. కాని వాద్యం తేలికైతే, దాని ధ్వనిని పెంచే పెట్టె బరువెక్కింది! 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన ఎస్.వి.టి. అనే యాంప్లిఫయరు సంగతి చూడండి. 300 వాట్ల శక్తి, 14 వాల్వులు. యాంప్లిఫయరు ఒక్కటే 35 కిలోల పైమాటే. దాని కింద పెట్టే ఎనిమిది స్పీకర్ల పెట్టె 60 కిలోలు దాటుతుంది. రెండూ కలిస్తే మనిషి బరువుకన్నా ఎక్కువ. ఆ పెద్ద మోత కోరుకునేవారికి నేటికీ అదే ఆదర్శం.

బరువంతా ముఖ్యంగా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది ట్రాన్స్‌ఫార్మరు. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నెమ్మదిగా ఊగే కరెంటును ఎక్కువ శక్తితో మార్చాలంటే బోలెడంత ఇనుము, రాగి కావాలి. రెండోది స్పీకరు వెనక ఉండే అయస్కాంతం. మూడోది చెక్క.

తేలిక యాంప్లిఫయర్లలో ఈ కరెంటునే ముందు సెకనుకు వేలసార్లు ఊగేలా చేస్తారు. అప్పుడు గుప్పిట్లో పట్టే ట్రాన్స్‌ఫార్మరు చాలు. వెనకటి రేడియో బ్యాటరీ ఎలిమినేటరు ఎంత బరువుండేది, ఇప్పటి సెల్‌ఫోను ఛార్జరు ఎంత తేలిక! సూత్రం అదే. పైగా క్లాస్ డి అనే పద్ధతిలో శక్తి వేడి రూపంలో తక్కువగా వృథా అవుతుంది కనుక వేడిని పీల్చే పెద్ద లోహపు రెక్కలు అక్కర్లేదు. ఇక 1980ల్లో కనిపెట్టిన నియోడిమియం అయస్కాంతాలు చిన్న సైజులోనే పెద్ద బలం ఇస్తాయి. ఇవన్నీ కలిసి, 500 వాట్ల యాంప్లిఫయరు నేడు 2 కిలోల లోపే దొరుకుతున్నది. 12 అంగుళాల స్పీకరున్న తేలిక పెట్టెలు 11 నుంచి 15 కిలోల్లో వస్తున్నాయి.

నాదం తగ్గుతుందా?

బరువులో నాదం లేదు. కాని బరువైన వాటిలో కొన్నిటికి ఒక సొగసు ఉన్న మాట నిజం. వాల్వులను గట్టిగా వాయించినప్పుడు స్వరం ఒక్కసారిగా పగలదు, మెల్లగా ఒదిగి గుండ్రంగా మారుతుంది. తేలికవాటిలో చాలామటుకు హద్దు దాటితే స్వరం గరుకెక్కుతుంది, లేదా లోపలి కాపలా సర్క్యూటు పట్టి ఆపేస్తుంది. గట్టిగా మీటే వాద్యకారుడికి ఈ తేడా వేళ్లకు తెలుస్తుంది.

పెట్టె విషయంలో ప్రకృతి రాజీ పడదు. బేస్ గిటార్ లావు తీగ స్వరం సెకనుకు సుమారు 41 కంపనాలు. అంత మంద్రాన్ని పెద్దగా వినిపించాలంటే చాలా గాలిని కదపాలి. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ శక్తితో పెద్ద మోత, ఈ మూడూ ఒకచోట కుదరవు. రెండు పుచ్చుకుని మూడోది వదులుకోవలసిందే. కనుక తేలికదనాన్ని యాంప్లిఫయరులోనూ అయస్కాంతంలోనూ వెతకండి. పెట్టె లోపలి చోటును మాత్రం మరీ తగ్గించకండి.

వాట్ల లెక్క చూసి మోసపోకండి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. మన చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు!

నడుము లెక్క వేరు

బరువు కిలోల్లో ఉంటుందని మీరనుకుంటారు. నడుముకు దూరం కూడా బరువే. ఏతాం సంగతి మీకు తెలుసు కదా. వెన్నుకు 50 సెంటీమీటర్ల ముందు 20 కిలోల పెట్టె పట్టుకున్నారనుకోండి. దాన్ని ఆపవలసిన వీపు కండరాలు వెన్ను మధ్యనుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అంటే అవి పదింతలు, 200 కిలోల బలంతో లాగాలి. ఆ ఒత్తిడి అంతా కింది డిస్కుల మీదే పడుతుంది. పైన వంగిన మీ ఒంటి బరువు అదనం.

అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. అన్నీ అనుకూలం అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుమెత్తులో, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే. చేతులు చీలమండల నుంచి 50 సెంటీమీటర్ల ముందుకు వెళ్తే చాలు, ఆ అంకె సగానికి పడిపోతుంది. మా రోగి 40 కిలోల లోతైన పెట్టెను మలుపుల మెట్ల మీద తిరుగుతూ దించుతున్నాడు. ఇరవై ఏళ్లు ఆ నడుము ఎలా ఓర్చుకుందో అని నాకు ఆశ్చర్యం!

తెర వెనక పరీక్ష

నొప్పి నెమ్మదించాక ఒక సాయంత్రం వాళ్ల చర్చికి వెళ్లాను. స్నేహితుడి దగ్గర తేలిక యాంప్లిఫయరు, ఓ స్పీకరు పెట్టె అరువు తెచ్చాడు. రెండింటినీ తెర వెనక పెట్టించాను. కొత్త మందును పరీక్షించేటప్పుడు మేము రోగికి ఏది మందో, ఏది ఉత్త గుళికో చెప్పము. కళ్లు చూస్తే మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది. ఇదీ అంతే. ఇంకో జాగ్రత్త: రెండింటి మోతా సమానంగా పెట్టాలి. కొంచెం మోత ఎక్కువైనదే "మంచి నాదం"లా వినిపిస్తుంది.

అతని తమ్ముడు వాయించాడు. మెల్లగా వాయించినంతసేపూ అతను ఏది ఏదో చెప్పలేకపోయాడు. గట్టిగా మీటినప్పుడు మాత్రం పాతదాన్ని పట్టేశాడు. "లావు తీగ ఇందులో గుండెకు తగులుతుందండి" అన్నాడు. నిజమే, ఆ తేడా నాకూ తెలిసింది. తర్వాత తీగను హాలులోని పెద్ద స్పీకర్లకు కలిపి, వెనక బల్ల మీద కూర్చున్నాము. అక్కడ తేడా అతనికీ తెలియలేదు.

ఇదీ అసలు సంగతి. పెద్ద సభల్లో జనానికి చేరేది హాలు స్పీకర్లలోంచి వచ్చే ధ్వని. స్టేజీ మీద పెట్టె చాలామటుకు వాయించేవాడికి వినబడడం కోసం. ఆ గుండె తాకిడి కోసం నడుమును పణంగా పెట్టాలా అన్నది అతనే తేల్చుకోవాలి.

అతను తేల్చుకున్నాడు. పాత పెట్టె చర్చిలోనే ఉంచేశాడు, అక్కడ దాన్ని ఎవరూ కదపరు. ఊళ్లు తిరగడానికి తేలిక యాంప్లిఫయరు, 14 కిలోల స్పీకరు పెట్టె విడివిడిగా కొన్నాడు. "పెద్ద పెట్టె కనబడకపోతే పెళ్లివారు రేటు తగ్గిస్తారు" అని పార్టీ మేనేజరు సణిగాడట. ఆ సీజన్లో మంచాన పడి పోగొట్టుకున్న ప్రోగ్రాముల డబ్బుతో పోలిస్తే అదెంత?

మోసే ముందు

1. రాత్రంతా వ్యానులో వంగి కూర్చుని, దిగగానే బరువెత్తకండి. ఐదు నిమిషాలు నిటారుగా నడవండి. నిద్ర లేచిన మొదటి గంటలోనూ అంతే. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి.

2. బరువును పొట్టకు ఆనించుకుని లేవండి. తిరగవలసి వస్తే నడుము తిప్పకండి, పాదాలు తిప్పండి.

3. యాంప్లిఫయరు, స్పీకరు విడివిడిగా ఉన్నవే కొనండి. ఒక పెద్ద పెట్టె కన్నా రెండు చిన్నవి మేలు. చక్రాలు నేల మీదే పనికొస్తాయి, మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు కావాలి. అడగడానికి నామోషీ పడకండి.

4. స్పీకరును కుర్చీ మీద పెట్టి చెవుల వైపు వంచండి. నేల మీద ఉంటే అది మోకాళ్లకు వినిపిస్తుంది, మీరు మోత పెంచుతూ పోతారు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చని నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. పోయిన వినికిడి తిరిగి రాదు.

5. తేలికైనా బరువైనా ఎర్త్ పిన్ను విరిచి వాడకండి. 1972లో బ్రిటన్‌లో లెస్ హార్వీ అనే గిటార్ కళాకారుడు ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. వాల్వు యాంప్లిఫయరును స్విచ్ ఆపినా మూత విప్పకండి, లోపల వందల వోల్టులు నిలవ ఉంటాయి.

నొప్పి వచ్చాక

వెనకటిలా వారాల తరబడి చెక్కబల్ల మీద పడుకోమని ఇప్పుడు చెప్పము. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, తర్వాత ఓర్చుకోగలిగినంత నడవాలి. సయాటికా చాలామందిలో ఆపరేషను లేకుండానే 6 నుంచి 12 వారాల్లో నెమ్మదిస్తుంది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగకండి, కిడ్నీలు, కడుపు పాడవుతాయి.

కాని ఈ లక్షణాలు కనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి రండి: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆగకపోవడం, మర్మావయవాల చుట్టూ తిమ్మిరెక్కడం, పాదం ఎత్తలేక ఈడ్చడం. వీటిలో గంటలు కూడా విలువైనవే. నడుము నొప్పితో జ్వరం, కారణం లేకుండా చిక్కిపోవడం ఉన్నా ఆలస్యం చేయకండి.

మా రోగి మొన్న మళ్లీ కనిపించాడు. ఈసారి గోడ పట్టుకోలేదు. భుజానికి గిటార్, చేతిలో చిన్న సంచీ. "యాంప్లిఫయరు ఏదయ్యా?" అన్నాను. సంచీ పైకెత్తి చూపించి నవ్వాడు.