వై నదికి ఇటు ఏడాది, అటు సున్నా

వేల్స్ సరిహద్దులో చెప్‌స్టో అనే చిన్న ఊరుంది. అక్కడ వై నది మీద 1816లో కట్టిన ఇనుప వంతెన ఉంది. వంతెనకు ఇటు వేల్స్, అటు ఇంగ్లాండ్. ఈ రెండు ఒడ్డుల మీద ఇద్దరు కౌన్సిలర్లు ఉన్నారనుకుందాం. ఇద్దరూ ఆఫీసు సిబ్బందిని పదేపదే బెదిరించారు. ఇటువైపు కౌన్సిలర్‌ను ట్రైబ్యునల్ ఏడాది దాకా సస్పెండ్ చేయగలదు, తప్పు మరీ పెద్దదైతే 5 ఏళ్ల దాకా అనర్హుడిగా ప్రకటించగలదు. అటువైపు, 2011 చట్టం ప్రకారం, ఒక్కరోజు కూడా పక్కన పెట్టే అధికారం ఎవరికీ లేదు.

ప్రవర్తనా నియమావళి రెండు చోట్లా ఉంది. రాసి ఉన్న మాటల్లోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ మాట తప్పితే ఏమవుతుందన్న దగ్గరే వస్తుంది.

ఇంగ్లాండ్‌లో ఈ కథ కుంభకోణాలతోనే మొదలైంది. జాన్ పౌల్సన్ అనే భవన రూపశిల్పి కాంట్రాక్టుల కోసం అధికారులకూ నాయకులకూ డబ్బు పంచాడు. న్యూకాసిల్ కౌన్సిల్‌ను నడిపిన టి. డాన్ స్మిత్‌కు అతని నుంచి ముట్టింది 1,56,000 పౌండ్లు. 1974లో స్మిత్‌కు 6 ఏళ్ల జైలు పడింది. మరుసటి ఏడాది స్థానిక ప్రతినిధులకు తొలి జాతీయ నియమావళి వచ్చింది. అయినా 1990లలో డాంకాస్టర్‌లో ప్రయాణ భత్యాలు, విందుల లెక్కలు తవ్వేసరికి చివరికి 21 మంది కౌన్సిలర్లు మోసం కేసుల్లో దోషులుగా తేలారు.

ఆ కాలంలో జైలు కాకుండా భయపడాల్సింది ఇంకొకటి ఉండేది: సర్‌చార్జీ. మన పంచాయతీ ఆఫీసుల్లోనూ ఈ మాట వినిపిస్తుంది. ఆడిటర్ తప్పు పట్టిన సొమ్మును బాధ్యుల సొంత జేబులోంచి కట్టించడమే సర్‌చార్జీ. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్ 1980ల చివర్లో 8 వార్డుల మీద కన్నేశారు. అక్కడ గెలుపోటములకు తేడా చాలా తక్కువ. కౌన్సిల్ ఇళ్లను తమ పార్టీకి ఓటేసే అవకాశమున్న వాళ్లకు అమ్మేలా అక్కడ విధానం రూపొందించారు. ఆడిటర్ ఏళ్ల తరబడి లెక్క తేల్చి 1996లో వేసిన సర్‌చార్జీ 3.1 కోట్ల పౌండ్లు దాటింది, కోర్టులో అది దాదాపు 2.7 కోట్లకు తగ్గింది. 2001లో దేశ అత్యున్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది. చివరికి 2004లో రాజీ కుదిరి వసూలైంది 1.23 కోట్లు. సగం కూడా రాలేదన్నది నిజమే. కానీ ఇల్లు లేనివాళ్లు వరసలో నిలబడ్డ నగరంలో ఇళ్లను ఓట్ల కోసం అమ్మితే లెక్క చెప్పాల్సి వస్తుందని ఆ కేసు చూపించింది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది ఆ ఆడిటర్ ఓపికే.

ఈలోగా 1994లో జాన్ మేజర్ ప్రభుత్వం వేసిన నోలన్ కమిటీ ప్రజాజీవితానికి 7 సూత్రాలు చెప్పింది: నిస్వార్థత, నిబద్ధత, నిష్పాక్షికత, జవాబుదారీతనం, పారదర్శకత, నిజాయితీ, నాయకత్వం. 2000 చట్టం సర్‌చార్జీని తీసేసి, ఆ స్థానంలో స్టాండర్డ్స్ బోర్డును తెచ్చింది. ఫిర్యాదు బోర్డుకు వెళ్లేది, తీవ్రమైన కేసులను విడిగా ఒక ట్రైబ్యునల్ విచారించేది. ఏడాది దాకా సస్పెన్షన్, 5 ఏళ్ల దాకా అనర్హత అప్పుడు ఇంగ్లాండ్‌లోనూ ఉండేవి.

ఆ పద్ధతి దారి తప్పిందనడానికి జనం చూపించే ఉదాహరణ లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్‌ది. ఒక విందు నుంచి బయటికొస్తూ, వెంటపడ్డ యూదు విలేకరిని నాజీ శిబిరం కాపలాదారుతో పోల్చాడు. ఆ మాటకు ట్రైబ్యునల్ 2006లో 4 వారాల సస్పెన్షన్ వేసింది. లక్షల మంది ఎన్నుకున్న మేయర్‌ను ముగ్గురు సభ్యులు పక్కన పెట్టడమేమిటని గొడవైంది. అదే ఏడాది హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. చిల్లర తగాదాలతో బోర్డు నిండిపోయిందన్న విమర్శ ముదిరి, 2012 మార్చి 31న దాన్ని మూసేశారు.

రోగానికి మందు ఎక్కువైందని చెప్పి మందుల పెట్టెనే పారేసినట్టు జరిగింది. 2011 చట్టం ప్రతి కౌన్సిల్‌కూ నియమావళి ఉండాలంది, కానీ దాన్ని అతిక్రమిస్తే సస్పెండ్ చేసే అధికారాన్ని లాగేసింది. మందలించవచ్చు, క్షమాపణ చెప్పమని అడగవచ్చు, శిక్షణకు వెళ్లమనవచ్చు. వెళ్లకపోతే చేయగలిగింది దాదాపు లేదు. ఆర్థిక ప్రయోజనాలను 28 రోజుల్లో నమోదు చేయకపోవడం మాత్రం నేరం, దానికి జరిమానా, 5 ఏళ్ల దాకా అనర్హత ఉన్నాయి. 3 నెలలు, అంతకు మించి జైలుశిక్ష పడితే పదవి పోతుంది. కారణం లేకుండా 6 నెలలు ఒక్క సమావేశానికీ రాకపోయినా పోతుంది. క్రమం తప్పకుండా వచ్చి, వచ్చిన ప్రతిసారీ గుమాస్తాను ఏడిపించి పంపే కౌన్సిలర్ పదవికి మాత్రం ఢోకా లేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. హెర్‌ఫర్డ్‌షైర్‌లోని లెడ్‌బరీ టౌన్ కౌన్సిల్ సిబ్బంది ఫిర్యాదుల మీద ఒక సభ్యురాలిని కమిటీల నుంచి తప్పించి, సిబ్బందితో మాట్లాడకుండా ఆంక్షలు పెట్టింది. 2018లో హైకోర్టు ఆ ఆంక్షలు చెల్లవంది. చట్టం చెప్పిన దారిలో కాకుండా మరో దారిలో కౌన్సిలర్‌ను శిక్షించకూడదన్నది తీర్పు. కోర్టు తప్పేమీ చేయలేదు, చట్టంలో ఉన్నదే చెప్పింది. నాకు బాధ కలిగించేది ఆ ఆఫీసు ఉద్యోగుల పరిస్థితి. చిన్న ఊరి కౌన్సిల్‌లో ఇద్దరో ముగ్గురో పనిచేస్తారు. వాళ్లకు బదిలీ అయ్యే చోటు కూడా ఉండదు.

నోలన్ కమిటీ వారసులు 2019 జనవరిలో 26 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. అందులో ముఖ్యమైనది, భత్యం లేకుండా 6 నెలల దాకా సస్పెన్షన్. 2022లో ప్రభుత్వం కాదంది. ప్రభుత్వం మారాక 2024 డిసెంబర్‌లో అదే 6 నెలలను మళ్లీ ముందుకు తెచ్చి జనాభిప్రాయం అడిగారు.

మన దగ్గర సమస్య తలకిందులుగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సర్పంచ్‌ను సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కలెక్టర్ చేతిలో ఉంది. కలెక్టర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. నిధులు మింగిన సర్పంచ్ మీద పడ్డ వేటూ, అధికార పార్టీకి ఎదురు తిరిగిన సర్పంచ్ మీద పడ్డ వేటూ బయటికి ఒకేలా కనిపించే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంగ్లాండ్ నుంచి మనం అడిగి తెచ్చుకోదగ్గది ఆ 2019 నివేదికలోని ఇంకో చిన్న సిఫారసు. ఏ పార్టీకీ చెందని ఒక స్వతంత్ర వ్యక్తి, తప్పు జరిగిందనీ శిక్ష తగినదేననీ ఒప్పుకుంటేనే సస్పెన్షన్ చెల్లాలి.