పళ్ళెములోని చిల్లర

ఫలహారము ముగించి, కాఫీ త్రాగి, చేతులు కడుగుకొని వచ్చుసరికి సర్వరు చిన్న పళ్ళెములో బిల్లును, కొంచెము సోంపును తెచ్చి మన ముందుంచును. మనము నోటు పెట్టుదుము. చిల్లర అదే పళ్ళెములో తిరిగివచ్చును. అప్పుడు ఒక్క క్షణము చేయి తటపటాయించును. అంతయు తీసికొనవలెనా? కొంత విడువవలెనా? విడిచినచో ఎంత?

శ్రోతలలో ఈ తటపటాయింపు ఎరుగనివారు ఉండరు. నేడు దానిని గూర్చియే ముచ్చటించుకొందము.

ఇట్లు విడిచెడి సొమ్మును ఇప్పుడు టిప్పు అనుచున్నాము. పెద్దలు బక్షీసు అనిరి, ఇనాము అనిరి. మొదటిది పారసీ మాట, రెండవది అరబ్బీ మాట. రెండును కానుక, బహుమానము అను అర్థములోనే మనకు వచ్చినవి. కానుక యనగా ఇచ్చువాని ఇష్టము. జీతమనగా పనిచేసినవాని హక్కు. ఈ రెండును కలిసిపోయినచోటనే చిక్కు పుట్టుచున్నది.

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు” అని మన సామెత. పెండ్లి విందులలో వడ్డించువారు బంధువులు, ఇరుగుపొరుగువారు. అల్లుడుగారు నేతిగిన్నె పట్టుకొని పంక్తుల మధ్య తిరిగినచో అది అతనికి గౌరవమే కాని తక్కువతనము కాదు. అతని చేతిలో పదిరూపాయలు పెట్టబోయినచో కోపము వచ్చును. అదే వడ్డన హోటలులో జరిగినప్పుడు మాత్రము వడ్డించువాడు మన దృష్టిలో ఒక మెట్టు దిగిపోవును. పని ఒక్కటియే, మారినది మన చూపు. టిప్పులో సంతోషముతోపాటు ఈ మెట్టు తేడా కూడ దాగియున్నది. అంతేకాక, మరల వచ్చినప్పుడు అతడు “మనవాడు” కావలెనను ఆశయు కొంత కలదు.

కానుకయు జీతమును పూర్తిగా కలిసిపోయినచో ఏమగునో అమెరికాలో చూడవచ్చును. మన కుటుంబముల పిల్లలెందరో అచ్చట చదువుచు, ఉద్యోగములు చేయుచున్నారు. క్రొత్తగా వెళ్ళినవారికి ఆశ్చర్యము గొలుపు విషయములలో ఇది యొకటి: భోజనపు బిల్లుపై నూటికి 15 మొదలు 20 వంతుల వరకు వడ్డించినవారికి ఇచ్చుట అచ్చటి మర్యాద. ఈయకున్ననేమి అని అడుగుదురేమో. కారణము శాసనములోనే కలదు. కేంద్ర శాసనము ప్రకారము కనీస వేతనము 2009 నుండి గంటకు 7.25 డాలర్లు. కాని టిప్పులు లభించు పనివారికి యజమాని తన చేతినుండి ఈయవలసిన కనీసము 2.13 డాలర్లు మాత్రమే. 1991 నుండి ఈ అంకె మారలేదు. తక్కినది టిప్పులవలన పూడవలెను. పూడనిచో యజమాని సరిపెట్టవలెను. కాలిఫోర్నియా, వాషింగ్టన్ మొదలగు కొన్ని రాష్ట్రములు మాత్రము పూర్తి కనీస వేతనమును యజమానియే చెల్లింపవలెనని విధించినవి. కావున తక్కినచోట్ల బల్లపై విడిచెడి సొమ్ము కానుక కాదు. జీతములో ఒక భాగము. అది వచ్చినవాని మనఃస్థితిపై ఆధారపడియున్నది.

ఈ పద్ధతి వెనుక పాతకథ కలదు. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము రద్దయిన పిమ్మట, పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ రైలుపెట్టెలలో నల్లజాతివారిని పరిచారకులుగా నియమించినది. జీతము స్వల్పము; తక్కినది ప్రయాణికుల దయ. ఆ ప్రయాణికులలో అనేకులు వారి పేర్లు అడుగక, యజమానియైన జార్జి పుల్‌మన్ పేరుమీదుగా అందరిని “జార్జి” అనియే పిలుచుచుండిరి. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున ఆ పనివారు సంఘము స్థాపించుకొనిరి. టిప్పులకు చేయిచాపక బ్రతుకుటకు చాలిన జీతము కావలెనని కోరిరి. 1937లో కంపెనీ వారితో ఒడంబడిక చేసికొనినది.

ఇందుకు భిన్నముగా జపానులో టిప్పు ఇచ్చు ఆచారము లేదు. బల్లపై డబ్బు విడిచి వెళ్ళినచో మరచిపోతిరని వెంటవచ్చి అందింతురు. ఫ్రాన్సులో సేవ రుసుము వెలలోనే చేరియుండును. టిప్పు లేనిదే మంచి వడ్డన ఉండదనుట సరికాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన బిల్లు సంగతి. అందు జి.ఎస్.టి. అని యున్నది ప్రభుత్వమునకు చెందు పన్ను. “సర్వీసు ఛార్జి” అని యున్నది పన్ను కాదు, హోటలువారు చేర్చుకొన్నది. అది తప్పక సర్వరునకే చేరునని అనుకొనరాదు. దానిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకములు వెలువరించినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. మరియొక మార్పు నిశ్శబ్దముగా వచ్చినది. ఫోనుతో చెల్లించుట అలవాటైన తరువాత పళ్ళెములో చిల్లర మిగులుటయే తగ్గిపోయినది. ఇది తప్పని ఎవరును అనరు. కాని ఆ చిల్లరను లెక్కలోనికి తీసికొని జీతము తగ్గించి యిచ్చుచోట నష్టపోవువాడు సర్వరే.

మా అనుభవమొకటి చెప్పుదుము. ఒకనాడు ప్రయాణపు తొందరలో ఒక హోటలులో కూర్చుండి, తల నెరసిన సర్వరును “ఏమోయ్, నీళ్ళు!” అని కేకవేసితిమి. మరునిమిషమున ప్రక్కన కూర్చున్న మా ఏడేండ్ల పిల్లవాడు అదే గొంతుతో “ఏమోయ్, నాకూ!” అనెను. ఆయన తాతవంటివాడు. నవ్వుచు గ్లాసు తెచ్చి, “మెల్లగా తాగు బాబూ, పొలమారుతుంది” అనెను. లేచునప్పుడు పళ్ళెములో ఎక్కువ నోటు పెట్టితిమి. ఆయన నమస్కరించి తీసికొనెను. కాని ఆ నోటుతో మేము నేర్పిన మాట చెరిగిపోలేదు. ఇంటికి పోవుత్రోవలో పిల్లవానితో ఆ సంగతి మాటలాడవలసి వచ్చినది. మొదట మా తప్పు ఒప్పుకొనవలసి వచ్చినది.

కావున టిప్పు ఇచ్చుట మానవలెనని మేము చెప్పుటలేదు. వడ్డన వలన సంతోషము కలిగినచో, చేతికందించి, ఒక మంచిమాటతో ఈయవచ్చును. ఫోనుతో చెల్లించువారు ఇందుకై నాలుగు చిల్లర నోట్లు జేబులో ఉంచుకొన్నను చాలును. ఈయలేనివారు సిగ్గుపడ పనిలేదు. సర్వరు జీతము చెల్లించు బాధ్యత యజమానిది. ఆ జీతమునకు తగిన వెలను గొణుగకుండ చెల్లించుట మన బాధ్యత. ఎంగిలి పళ్ళెములు తీయువానికి, బల్ల తుడుచువానికి, లోపల అంట్లు తోమునామెకు ఎవరును చిల్లర విడువరు. వారికి మంచి జీతమొక్కటియే దిక్కు.

ఈసారి హోటలునకు వెళ్ళినప్పుడు పిల్లలు ప్రక్కన నుందురు. మనము నీళ్ళడుగు తీరును వారు వినుచుందురు.