రేకు కోసే ముందు

చాలా ఇళ్ళలో అమ్మమ్మనాటి కాసులపేరు ఒకటి వుంటుంది. ఆడపిల్ల పెళ్ళి కుదరగానే దాని మీద వాదం మొదలవుతుంది. "ఈ రోజుల్లో ఇది ఎవరు వేసుకుంటారు? చెరిపించి కొత్త హారం చేయిద్దాం" అంటారు కొందరు. "అంత పనితనం మళ్ళీ రమ్మంటే వస్తుందా? అలాగే వుండనివ్వండి" అంటారు పెద్దవాళ్ళు. రెండు మాటల్లోనూ న్యాయం వున్నది. చిక్కల్లా ఒక్కటే. మూసలో కరిగిన కాసు మళ్ళీ కాసు కాదు.

అమెరికాలో ఇటువంటి వాదమే పాత కార్లను గురించి దశాబ్దాలుగా నడుస్తున్నది. 1960లలో అక్కడ తయారైన బలిష్ఠమైన కార్లు కొన్ని వున్నాయి. వాటిని 'మజిల్ కార్లు' అంటారు, అనగా కండలు తిరిగిన కార్లన్నమాట. వీటి యజమానులలో ఒక పక్షంవారు, కారు కార్ఖానాలోంచి వచ్చిన నాడు ఎలా వున్నదో నట్టూ బోల్టూ సహా అలాగే వుండాలంటారు. రెండో పక్షంవారు రూపం పాతదే వుంచి, చక్రాలు, టైర్లు, బ్రేకులు నేటివి పెట్టుకుంటారు. ఇటువంటి కారుకు 'రెస్టోమాడ్' అని పేరు. మూడో పక్షంవారు ఇంకో అడుగు ముందుకు వేసి, మడ్‌గార్డులు కోసి, బానెట్టు ఉబ్బించి, కారుకు పునర్జన్మే ఎత్తిస్తారు.

ఎవరి సరదా వారిది, అందులో మనకేమిటి అనవచ్చు. కాని ఆ కారులో కూర్చునేది భార్యాబిడ్డలు. దాని కింద తిరిగేది ఆ చక్రాలే. అందుచేత ఈ సంగతి ఒక్క సరదాతో పోయేది కాదు.

కండలు ఎక్కడివి?

1964లో పాంటియాక్ కంపెనీవారు మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను అమర్చి, 'జీటీవో' అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. ఆ ఇంజను 389 ఘనపుటంగుళాలది, అంటే సుమారు 6.4 లీటర్లు. మనం బాగా ఎరిగిన పాత అంబాసిడర్ ఇంజను 1.5 లీటర్లే. దానికి ఇది నాలుగింతల పైమాట! అదే సంవత్సరం ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు మస్టాంగ్ వెలిసింది. రెండేళ్ళు తిరగక ముందే పది లక్షల మస్టాంగులు తయారైనాయి. 1967 మోడలుగా షెవర్లే కమారో, 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ వచ్చాయి. ఆ తరువాత పొగను అదుపు చేసే చట్టాలు, పెరిగిన ఇన్సూరెన్సు, 1973 నాటి చమురు కరువు కలిసి ఈ కార్ల కాలాన్ని ముగించాయి. పాంటియాక్ పేరుతో కార్లు రావడమే 2010తో ఆగిపోయింది.

కార్లు మాత్రం చావలేదు. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ పట్నం దాకా పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఆగస్టు నెలలో పాత కార్ల ఊరేగింపు జరుగుతూ వచ్చింది. మిషిగన్‌లో స్థిరపడిన మన తెలుగువారు చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి చూసే వుంటారు. అక్కడ వరసగా సాగే కార్లలో కార్ఖానా రూపం చెక్కుచెదరనివి ఎన్నో, చక్రాలు మార్చుకున్నవీ అన్ని వుంటాయి.

నాలుగు అరచేతుల చోటు

టన్నున్నర బరువున్న కారు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, దానికీ భూమికీ వున్న సంబంధమంతా నాలుగు అరచేతులంత చోటులో వుంటుంది. ఒక్కొక్క టైరు నేలను తాకే జాగా ఇంచుమించు అంతే. తిరగడం, ఆగడం, జారకుండా నిలవడం అన్నీ ఆ జాగా మీదనే ఆధారపడి వున్నాయి.

ఆనాటి కార్లకు ఇంజను ఇచ్చినంత ధారాళంగా టైర్లు ఇవ్వలేదు. 1965 మస్టాంగులో ఆరు సిలిండర్ల రకానికి 13 అంగుళాల చక్రాలే వుండేవి. టైర్లలోని దారాలు ఏటవాలుగా, ఒకదానిమీద ఒకటి అడ్డంగా పేర్చి వుండేవి. రోడ్డు మీద గాడి కనబడితే ఆ టైరు గాడి వెంబడే పోజూస్తుంది. దారాలు ఒక అంచు నుంచి మరొక అంచుకు నేరుగా పోయే రేడియల్ టైరుకు ఫ్రాన్సులో మిషలిన్ కంపెనీ 1946లోనే పేటెంటు తీసుకున్నది. అమెరికా కార్లలో అది మామూలైపోవడానికి 1970లు రావలసి వచ్చింది. కనుక పాత కారుకు రేడియల్ టైర్లు వేయించడం షోకు కాదు, మేలైన మార్పు. అయితే ఒకే ఇరుసుకు ఒక పక్క పాతరకం, మరో పక్క రేడియల్ తగిలించడం ప్రమాదం. ముందు చక్రాల వాలు కూడా రేడియల్‌కు తగినట్టు సవరించుకోవాలి.

టైరు కొలత చదవడం నేర్చుకుంటే సగం మోసం తప్పుతుంది. 215/70ఆర్14 అని వున్నదనుకోండి. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు, రిమ్ము 14 అంగుళాలు. లెక్క వేస్తే మొత్తం ఎత్తు సుమారు 657 మిల్లీమీటర్లు. దాని బదులు వెనక చక్రాలకు భారీగా కనబడాలని 275/60ఆర్15 వేస్తే ఎత్తు 711 అవుతుంది. నూటికి ఎనిమిది వంతులు ఎక్కువ. స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు కదా! అది 60 మైళ్ళని చూపిస్తుంటే కారు 65 మైళ్ళ వేగంతో పోతుంటుంది. పైగా బయలుదేరేటప్పుడు ఇంజను బరువెక్కినట్టు ఈడుస్తుంది.

మరొక అంకెల సంగతి కూడా వున్నది. అమెరికాలో 2000 సంవత్సరం నుంచి తయారైన టైరు పక్కన నాలుగంకెల తేదీ వుంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. పాత కారు ఆదివారాలు తప్ప బయటికి రాదు కనుక టైరు అరగదు. గాళ్ళు కొత్తగానే కనబడతాయి. లోపల రబ్బరు మాత్రం ముసలిదై బిరుసెక్కుతుంది. వేగంలో వుండగా అటువంటి టైరు పొర ఊడితే ఇంటిల్లిపాది ప్రాణాలకే ముప్పు. అరుగుదల చూసి మురిసిపోక, పుట్టిన తేదీ చూడాలి.

తీగ లాగితే

చక్రం మార్చడమంటే నాలుగు నట్లు విప్పి నాలుగు బిగించడమే అనుకుంటాం. ఫోర్డు వి-8 మస్టాంగు చక్రానికి అయిదు బోల్టులు నాలుగున్నర అంగుళాల వలయంలో వుంటాయి. షెవర్లే కమారోకూ అయిదే, కాని వలయం నాలుగుముప్పావు అంగుళాలు. తేడా పావు అంగుళమే కదా అని బలవంతాన బిగిస్తే బోల్టు దెబ్బతింటుంది. క్రైస్లర్‌వారి కార్లలో ఇంకో వింత వున్నది. 1960లలో ఎడమపక్క చక్రాల నట్లకు మర ఎడమవైపు తిరిగి వుండేది. సంగతి తెలియని మెకానిక్ అన్ని నట్లలాగే విప్పబోయి, మరింత బిగించి, బోల్టును విరగదీస్తాడు.

బోల్టులు సరిపోయినా, చక్రం లోపలికి ఎంత, బయటికి ఎంత వుంటుందన్న లెక్క మిగులుతుంది. ఎక్కువ బయటికి వస్తే మడ్‌గార్డు అంచు టైరును కోస్తుంది. ఎక్కువ లోపలికి పోతే కమాన్ కట్టకో, స్టీరింగు కడ్డీకో రాసుకుంటుంది. నిలిపి వుంచిన కారులో సందు కనబడితే చాలదు. స్టీరింగు చివరికంటా తిప్పి చూడాలి, కారు గోతిలో పడి అణిగినప్పుడు ఎంత సందు మిగులుతుందో కూడా చూడాలి. అనుభవజ్ఞులు ముందు కొలతలన్నీ తీసుకుని, ఆ తరువాతనే చక్రాలకు డబ్బు కడతారు.

అలా కాక, వెడల్పయిన టైర్లు ముందు కొనేసినవాడి అవస్థ చూడండి. మొదట మడ్‌గార్డు అంచు లోపలికి మడుస్తాడు. వేడి చేయకుండా మడిస్తే రంగు పగులుతుంది. అదీ చాలకపోతే లోపలి చక్రపు గూడు కోసి, డిక్కీ వైపు జరిపి మళ్ళీ వెల్డింగు చేయిస్తాడు. గూడు జరిగితే కమాన్ కట్టలు జరపాలి. కట్టలు జరిగితే కొందరు ఇరుసు కూడా పొట్టి చేయిస్తారు. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. మస్టాంగు వంటి కార్లకు విడిగా చట్రం లేదు. దేహమే చట్రం. అక్కడ రేకు కోయడమంటే ఇంటి గోడ కొట్టి కిటికీ పెట్టడం వంటిది. గోడ మీద ఏ బరువు వున్నదో తెలియకుండా గునపం ఎత్తకూడదు.

పైన పటారం

చక్రాల తరువాత రేకు పని. అరవై ఏళ్ళ కారును అమ్మేవాడు తళతళలాడే రంగు వేయించి నిలబెడతాడు. కొనేవాడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకుపోవాలి. పల్చటి గుడ్డ చుట్టి దేహమంతా ఆనించి చూస్తే ఇనుము వున్నచోట అంటుకుంటుంది. లప్పం మందంగా పట్టించినచోట జారిపోతుంది. నైపుణ్యంతో రెండు మూడు మిల్లీమీటర్లు పట్టించిన లప్పం దోషం కాదు. తుప్పు తిన్న చిల్లు మీద వలగుడ్డ పరచి దట్టంగా మెత్తిన లప్పమే దోషం. ముందు అద్దం కింద, వెనక అద్దం చుట్టూ, డిక్కీ అడుగున, వెనక చక్రాల పక్కన తుప్పు ఎక్కువగా దాక్కుంటుంది. ఆ కాలంలో ఫ్యాషనైన వినైల్ కప్పు కింద నీరు చేరితే పైకప్పే తినేస్తుంది.

ఆ రోజుల్లో కార్ఖానాలు రేకుల అతుకుల మీద కరిగించిన సీసం పూసేవి. కాలిఫోర్నియాలో జార్జి బారిస్ వంటి శిల్పులు 1950లలో పాత కార్లకు సీసంతోనే కొత్త రూపులు దిద్దారు. సీసం పొడి విషం కనుక పాత అతుకులు రుద్దేవారు ముక్కుకు, నోటికి తగిన రక్షణ లేకుండా ఆ పని పెట్టుకోరాదు.

రెక్క ఎందుకు మొలిచింది?

బానెట్టు మీద గాలి గుబ్బ, వెనక రెక్క నేడు చాలావరకు అలంకారాలే. మొదట అవి అవసరంలోంచి పుట్టాయి. 1968 డాడ్జి చార్జర్ చూడ ముచ్చటైన కారు. కాని ముందు జాలీ, వెనక అద్దం లోతుగా వుండడంతో పందెంలో గాలికి అడ్డు తగిలేది. 1969లో 'చార్జర్ 500' అనే రకంలో ఆ రెండు గుంటలూ పూడ్చారు. అదీ చాలక అదే సంవత్సరం 'డేటోనా' చేశారు. ముందు కోసుగా పొడుగాటి ముక్కు, వెనక సుమారు రెండడుగుల ఎత్తున రెక్క! 1970 మార్చి 24న అలబామాలోని టాలడేగా బాటలో బడ్డీ బేకర్ దాన్ని గంటకు 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్లు దాటించాడు.

పందేలలో పాల్గొనాలంటే 500 కార్లు ప్రజలకు అమ్మాలని అప్పటి నియమం. బజారులో మాత్రం ఆ రూపం చూసి జనం జంకారు. మరుసటి ఏడు ప్లిమత్‌వారు తెచ్చిన 'సూపర్‌బర్డ్' అమ్ముడుపోక, కొందరు డీలర్లు ముక్కూ రెక్కా ఊడదీసి మామూలు రోడ్ రన్నర్‌గా అమ్మేశారు. ఈనాడు ఆ ముక్కుకూ రెక్కకూ వున్న విలువ తెలిస్తే వారు గుండె బాదుకుంటారు.

ఇక 1968 నాటి 'బుల్లిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ మస్టాంగు సంగతి. చిత్రం కోసం దాని మీది చిహ్నాలు తీసేశారు, చక్రాలు మార్చారు, కెమెరాలు బిగించడానికి అడుగున వెల్డింగు చేశారు. 1974లో 6,000 డాలర్లకు కొన్న కుటుంబం ఆ మార్పులను చెరిపివేయలేదు. 2020 జనవరి వేలంలో ఆ కారు 37 లక్షల డాలర్లు దాటింది. మార్చిన కారు విలువ పోతుందనడం కూడా పూర్తిగా నిజం కాదన్నమాట. ఎందుకు మార్చారో తెలియాలి, ఆ కథ కారు మీద చదవగలిగేటట్టు వుండాలి.

ఏది తగును?

కనుక వరస ఇలా పెట్టుకోవడం మేలు. మొదట ప్రాణరక్షణ మార్పులు: టైర్లు, బ్రేకులు, బెల్టులు. తరువాత విప్పి మళ్ళీ పాతవి బిగించగలిగినవి: చక్రాలు, రెక్క, బానెట్టు. రేకు కోత చిట్టచివర. అదీ కారు ఎంత అరుదో చూసుకుని. లక్షల్లో ఒకటైన ఆరు సిలిండర్ల మస్టాంగును ఎవరి ముచ్చట కొద్దీ వారు దిద్దుకున్నా చరిత్రకు లోటు లేదు. ఇప్పుడు కమారోకూ మస్టాంగుకూ పూర్తి దేహమే కొత్త రేకుతో తయారై అమ్మకానికి వస్తున్నది. కోయాలన్న ఉబలాటం అణచుకోలేనివారు దాన్ని కోసుకోవచ్చు. అయిదు వందల చిల్లర వున్న డేటోనా మీద రంపం పెడితే మాత్రం, కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

చక్రాలు మార్చినా పాతవి పారవేయకండి. నూనె తుడిచి అటక మీద పెట్టండి. రేకు ముట్టుకునే ముందు నాలుగు పక్కలా ఫోటోలు తీసి, ఏ పని ఎప్పుడు, ఎందుకు చేయించారో ఒక పుస్తకంలో రాసి వుంచండి. మన తరువాత ఆ కారు ఎవరి చేతికి వస్తుందో! పాత రూపం చూడాలని ముచ్చటపడే మనుమడి చేతికే రావచ్చు.