ఘంటసాల భగవద్గీత

ఘంటసాల భగవద్గీత ప్రముఖ నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) జీవితపు చివరి దశలో పాడిన గ్రామఫోను రికార్డు. గీతలోని 700 శ్లోకాలలో నూరుకు పైగా ఎంచుకొని, వివిధ రాగాలలో స్వరపరచి పాడాడు. తెలుగు తాత్పర్యాన్ని కూడా తానే వచనంలో చెప్పాడు. ఆయన 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో మరణించాడు. హెచ్.ఎం.వి. సంస్థ రికార్డును ఆ తరువాతనే విడుదల చేసింది. కనుక తొలి శ్రోతలు కూడా దీనిని గతించిన గాయకుని కంఠంగానే విన్నారు.

శ్రోతల స్పందన

సంస్కృతం రానివారికి సైతం గీతను పరిచయం చేసిన ఘనత ఈ రికార్డుకు దక్కుతుంది. అయితే క్రమంగా ఇది అంత్యక్రియల వేళ వినిపించేదిగా మారింది. ఘంటసాల జన్మస్థలమైన చౌటపల్లి గుడివాడకు సమీపంలో ఉన్నది. అక్కడి నుండి కొల్లేటి దాపున ఉన్న ఆకివీడు, ఏలూరు, తాడేపల్లిగూడెం వరకు, కోస్తాలోని ఇతర ఊళ్ళలో వలెనే, మైకులో ఈ గొంతు వినబడగానే "ఎవరు పోయారు?" అని అడగడం పరిపాటి. అందువలన ఇంట్లో దీనిని పెట్టుకోవడానికి జంకేవారు కూడా ఉన్నారు.

పుట్టినవానికి మరణం తప్పదని, ఆత్మకు నాశనం లేదని చెప్పే సాంఖ్యయోగ శ్లోకాలు ఇందుకు ఒక కారణం కావచ్చు. కాని గీతను కృష్ణుడు చెప్పినది మరణించినవానికి కాదు, విల్లు జారవిడిచి కూలబడిన అర్జునునికి. ఈ కారణం చేతనే శవయాత్రలలో దీనిని వినిపించడాన్ని పలువురు ఆక్షేపించారు. తరువాతి కాలంలో గాయకుడు ఎల్.వి. గంగాధర శాస్త్రి మొత్తం 700 శ్లోకాలను పాడి రికార్డు చేశాడు.