ఆర్‌సీబీ అభిమాని అపోహలు, ఆరు పరుగుల పద్దు

మాది బీదర్. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బజార్లో దక్కనీ ఉర్దూ. మా ఊరి నుంచి హైదరాబాద్ దాదాపు 140 కిలోమీటర్లు, బెంగళూరు దాదాపు 700. 1956 నవంబరు 1కి ముందు మేమూ జహీరాబాద్ వాళ్ళూ ఒకే జిల్లా. ఆ రోజు మేం మైసూరు రాష్ట్రంలోకి, వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాం. రాష్ట్రాలు వేరైనా వియ్యాలు ఆగలేదు. మా అక్కను ఇచ్చింది జహీరాబాద్‌కే. బావ హైదరాబాద్ జట్టు మనిషి. నేను ఐపీఎల్ క్రికెట్ మొదటి సీజన్ నుంచీ ఆర్‌సీబీ, బెంగళూరు జట్టు మనిషిని.

ఏటా వేసవిలో బావ ఫోన్ ఒకే మాటతో మొదలయ్యేది: "ఏం బామ్మర్ది, ఈ సల కప్ నమ్దేనా?" 'ఈసారి కప్పు మనదే' అనే కన్నడిగుల నినాదాన్నే తెచ్చి నా మీద విసిరేవాడు. ఏళ్ళ తరబడి ఓడే జట్టు వెనక నడిచినవాడి దగ్గర రెండు మూటలు పోగవుతాయి. ఒకటి లెక్కలది, రెండోది సాకులది. రెండోది విప్పి చూస్తే అందులో సగం అపోహలే. బావ మూటా అంతకంటే మేలేం కాదు. రెండూ కలిపి ఇక్కడ దులుపుతున్నాను.

అపోహ: కర్ణాటకలో పుట్టినవాళ్ళంతా ఆర్‌సీబీయే. ఆ జట్టు నిండా కర్ణాటక కుర్రాళ్ళే.

వాస్తవం: మా వీధికొచ్చి చూడండి. ఒకే అరుగు మీద ఎర్ర జెర్సీ, నారింజ జెర్సీ పక్కపక్కనే కూర్చుంటాయి. ఇక ఆటగాళ్ళంటారా, వాళ్ళను పంచేది ఊరు కాదు, వేలం. ఐపీఎల్‌లో సెంచరీ కొట్టిన తొలి భారతీయుడు మనీశ్ పాండే. రంజీల్లో కర్ణాటక బ్యాటర్. 2009లో సెంచూరియన్‌లో ఆర్‌సీబీ తరఫున కొట్టిన ఆ 114 నాటౌట్‌కు బలైంది హైదరాబాద్ జట్టే. అదే పాండే తర్వాత హైదరాబాద్ సన్‌రైజర్స్‌కు ఆడాడు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ 2018 నుంచి 2024 దాకా ఆర్‌సీబీ బౌలర్. 2020లో కోల్‌కతా మీద రెండు మెయిడెన్లు వేసి, 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఆ రాత్రి మా అక్క సిరాజ్ వైపు, బావ కోల్‌కతా వైపు. జట్టు మీద అభిమానానికి చిరునామా అక్కర్లేదు.

అపోహ: హైదరాబాద్‌కు రెండు కప్పులు. పేరు మారిందంతే, జట్టు ఒకటే.

వాస్తవం: బావ ఎక్కువగా వాడే అస్త్రం ఇదే. 2009లో కప్పు గెలిచింది ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలోని డెక్కన్ చార్జర్స్. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయింది. ఆ స్థానంలో సన్ టీవీ వాళ్ళు కొత్తగా కొనుక్కున్నది సన్‌రైజర్స్. 2013లో మొదలై 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వంలో కప్పు గెలిచింది. ఊరికి రెండు కప్పులనొచ్చు, జట్టుకు మాత్రం ఒక్కటే. బాధేమిటంటే, ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది మేమే. 2009లో జొహానెస్‌బర్గ్‌లో 6 పరుగుల తేడాతో, 2016లో సొంత బెంగళూరులో 8 పరుగుల తేడాతో.

అపోహ: ఆర్‌సీబీ అంటేనే అట్టడుగు.

వాస్తవం: ఈ ముద్రకు మూలం తొలి రోజే పడింది. 2008 ఏప్రిల్ 18న, ఐపీఎల్ మొదటి మ్యాచ్‌లో, కోల్‌కతా బ్యాటర్ మెకల్లమ్ ఒక్కడే 158 నాటౌట్ కొడితే మా జట్టంతా కలిసి 82. అందులో అన్నిటికన్నా పెద్ద స్కోరు 19 ఎక్స్‌ట్రాలది! ఆ ఏడాది ఎనిమిది జట్లలో మాది ఏడో స్థానం. ఎనిమిదో స్థానం ఎవరిదో బావకు గుర్తుండదు, డెక్కన్ చార్జర్స్‌ది. మరుసటేడు ఫైనల్లో తలపడ్డవి ఆ చివరి రెండు జట్లే. ఆర్‌సీబీ పట్టికలో ఆఖరున నిలిచిన మాటా నిజమే, 2017లో, 2019లో. కానీ 2009, 2011, 2016లలో ఫైనల్ దాకా వెళ్ళింది. 2024లో మొదటి ఎనిమిది మ్యాచుల్లో ఏడు ఓడి, ఆపై వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. ఎప్పుడూ అడుగునే ఉండే జట్టును మరిచిపోవడం తేలిక. అంచు దాకా వచ్చి జారే జట్టే నిద్ర పట్టనివ్వదు.

అపోహ: ఆ జట్టుకు ఏదో శాపం ఉంది.

వాస్తవం: శాపం కథలు ప్రపంచమంతటా ఉన్నాయి. అమెరికా బేస్‌బాల్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ 1918లో గెలిచాక మళ్ళీ 2004 దాకా గెలవలేదు. బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు అమ్ముకున్నందుకు తగిలిన ఉసురన్నారు. చికాగో కబ్స్ 1908 నుంచి 2016 దాకా, 108 ఏళ్ళు ఎదురుచూసింది. అక్కడ నెపం 1945లో మైదానం నుంచి వెళ్ళగొట్టిన ఒక మేక మీద పడింది. మేక శాపం పెట్టదు, బంతులూ వెయ్యదు.

మా జట్టుకు తక్కువైంది బౌలింగ్. బ్యాటింగ్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో ఒకే తేదీ ఉదాహరణతో చూడండి. 2013 ఏప్రిల్ 23న గేల్ 175 నాటౌట్, ఆర్‌సీబీ 263. 2017 ఏప్రిల్ 23న ఈడెన్ గార్డెన్స్‌లో ఆర్‌సీబీ 49 ఆలౌట్, ఐపీఎల్ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. పేర్లు పెద్దవైనంత మాత్రాన పరుగులకు పూచీ లేదు. 2016లో కోహ్లీ ఒక్క సీజన్‌లో 973 పరుగులు చేశాడు. ఫైనల్లో గేల్‌తో కలిసి మొదటి వికెట్‌కు 114 జోడించాడు. అయినా కప్పు రాలేదు, ఎందుకంటే అంతకుముందే మా బౌలర్లు 208 ఇచ్చేశారు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ, 23 వికెట్లు తీసింది సన్‌రైజర్స్ బౌలర్ భువనేశ్వర్ కుమార్. 2025లో అదే భువనేశ్వర్ మా జట్టులో ఉన్నాడు. పక్కన హేజిల్‌వుడ్, కృనాల్ పాండ్యా. శాపవిమోచనం వేలంపాటలో జరిగిందన్నమాట.

అపోహ: 2019లో మలింగ నో బాల్‌ను అంపైర్ చూసి ఉంటే ముంబై మీద గెలిచేవాళ్ళం.

వాస్తవం: ఇది నా మూటలోదే. మార్చి 28, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. ఆఖరి బంతికి 7 పరుగులు కావాలి. మలింగ గీత దాటి వేశాడు, అంపైర్ చూడలేదు, పరుగు రాలేదు. ముంబై 6 పరుగులతో గెలిచింది. తప్పు జరిగింది, అందులో వాదన లేదు. నో బాల్ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఒక పరుగు కలిసి, ఫ్రీ హిట్ మీద ఇంకా 6 కావాలి. 70 కొట్టి ఊపు మీదున్న డివిలియర్స్ అవతలి కొసన ఉన్నాడు, స్ట్రయిక్‌లో ఉన్నది శివం దూబే. అంటే పోయింది గెలుపు కాదు, గెలిచే అవకాశం. రెండూ ఒకటి కావు. ఆ రాత్రి నాకు ఈ తేడా చెప్పి ఉంటే చెప్పినవాణ్ణి కొట్టేవాణ్ణేమో. మరుసటేడు నుంచి ఫ్రంట్‌ఫుట్ నో బాల్ చూసే పని ఐపీఎల్‌లో థర్డ్ అంపైర్‌కు అప్పగించారు. మా గొడవ వల్ల అందరికీ మేలే జరిగింది.

అపోహ: నాన్‌స్ట్రయికర్‌ను బౌలర్ రనౌట్ చేయడం మోసం.

వాస్తవం: బంతి పడకముందే క్రీజు వదిలి రెండడుగులు దొంగిలించేవాడిది తప్పా, దొంగను పట్టుకున్నవాడిదా? చట్టం ఎప్పుడూ బౌలర్ వైపే ఉంది. పైగా 2022 అక్టోబరు నుంచి దీన్ని 'అన్యాయమైన ఆట' అధ్యాయంలోంచి తీసి మామూలు 'రనౌట్' అధ్యాయంలో చేర్చారు. ఒక మెలిక మాత్రం ఉంది. బౌలర్ మామూలుగా బంతి వదిలే క్షణం దాటకముందే వికెట్ పడగొట్టాలి.

2023 ఏప్రిల్ 10న లక్నోతో మ్యాచ్‌లో మా హర్షల్ పటేల్‌కు తగిలిన దెబ్బ అదే. మేం 212 కొట్టాం. ఆఖరి బంతికి వాళ్ళకు కావలసింది ఒక్క పరుగు, మిగిలింది ఒక్క వికెట్. రవి బిష్ణోయ్ ముందే పరుగందుకున్నాడు. పరుగెత్తుకొచ్చిన హర్షల్ చెయ్యి వికెట్లకు తగల్లేదు. దాటిపోయాక వెనక్కి తిరిగి విసిరితే తగిలింది. అప్పటికి గడువు దాటింది, నాటౌట్. మళ్ళీ వేసిన బంతి బ్యాటర్‌నీ కీపర్‌నీ తప్పించుకుంది, ఒక బై, మ్యాచ్ పోయింది. ఇక్కడ మావాళ్ళు మరిచేది ఇంకొకటి. ఆ రనౌట్ దొరికినా గెలిచేవాళ్ళం కాదు. స్కోర్లు సమమై సూపర్ ఓవర్ జరిగేది.

అపోహ: త్వరగా ఆలౌటైతే నెట్ రన్‌రేట్‌కు అన్ని ఓవర్లే లెక్క.

వాస్తవం: ఆలౌటైన జట్టుకు మొత్తం 20 ఓవర్లూ లెక్కిస్తారు. పైన చెప్పిన 49 పరుగులు 9.4 ఓవర్లలో వచ్చాయి. ఆడిన ఓవర్లతో భాగిస్తే ఓవర్‌కు 5 పైచిలుకు. నిబంధన ప్రకారం 49ని 20తో భాగించాలి, 2.45. ఓటమి మీద జరిమానా అన్నమాట.

ఇదే లెక్క 2024 మే 18న మమ్మల్ని కాపాడింది. మేం 218 కొట్టాం. చెన్నైకి గెలవాల్సిన పనే లేదు, 201 చేరితే ఓడినా ప్లేఆఫ్స్‌కు వెళ్ళేది. ఆఖరి ఓవర్లో అందుకు 17 కావాలి. మొదటి బంతికే ధోనీ సిక్స్ కొట్టాడు. రెండో బంతికి యశ్ దయాల్ అతణ్ణి ఔట్ చేశాడు. చెన్నై 191 దగ్గర ఆగింది. రెండు జట్లకూ 14 పాయింట్లే, రన్‌రేట్ మమ్మల్ని పైకి లాగింది. స్కూల్లో భాగహారం మీద విసుక్కున్న కుర్రాళ్ళు ఆ రాత్రి మా వీధిలో వేళ్ళ మీద దశాంశాలు లెక్కపెట్టారు.

అపోహ: ఇంపాక్ట్ ప్లేయర్ అంటే పన్నెండో మనిషిని ఇష్టం వచ్చినట్టు దింపడం.

వాస్తవం: 2023లో వచ్చిన ఈ నిబంధనకు కట్టుబాట్లున్నాయి. టాస్ దగ్గరిచ్చిన జాబితాలోని వాణ్ణే దింపాలి. బయటికెళ్ళినవాడు ఆ మ్యాచ్‌లో తిరిగి రాకూడదు. తుదిజట్టులో నలుగురు విదేశీయులుంటే వచ్చేవాడు భారతీయుడే కావాలి. ఇలాంటి రగడ బేస్‌బాల్‌లో ఏనాటి నుంచో ఉంది. బంతి విసిరే పిచర్‌కు బదులు బ్యాటింగ్‌కు వేరొకణ్ణి దింపే పద్ధతిని అమెరికన్ లీగ్ 1973లోనే తెచ్చింది. నేషనల్ లీగ్ ససేమిరా అంటూ 2022లో గానీ పూర్తిగా దిగిరాలేదు. నా ఓటు పాతకాలపు వాళ్ళకే. దీనివల్ల ఆల్‌రౌండర్లు ఎదగరన్న రోహిత్ శర్మ మాట సబబే. రెండు పనులు చేతనైనవాడికి విలువ తగ్గించే నిబంధన నాకు రుచించదు. కానీ నచ్చకపోవడం వేరు, తెలియకపోవడం వేరు.

చిన్నాచితకా అపోహలు ఇంకొన్ని. ఫ్రీ హిట్ మీద బౌల్డయితే బంతి అక్కడితో చచ్చినట్టు కాదు. 2022లో మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద వికెట్లకు తగిలి పోయిన బంతికి కోహ్లీ మూడు బైలు పరుగెత్తింది అందుకే. లెగ్ స్టంప్ బయట పడ్డ బంతి మధ్య వికెట్‌కు తగిలేదే అయినా ఎల్‌బీడబ్ల్యూ లేదు. రివ్యూలో 'అంపైర్స్ కాల్' వస్తే నిర్ణయం మారదు, రివ్యూ కూడా పోదు.

అపోహ: ఆర్‌సీబీకి తొలి కప్పు 2025లో వచ్చింది.

వాస్తవం: అమ్మాయిలు ముందే తెచ్చారు. 2024 మార్చి 17న స్మృతి మంధాన జట్టు ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ గెలిచింది. పురుషుల కప్పు 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో, రజత్ పాటీదార్ నాయకత్వంలో వచ్చింది. కోహ్లీ, గేల్, డివిలియర్స్ కలిసి ఆడిన రోజుల్లో రాని కప్పు, 190 పరుగులు మాత్రమే చేసిన రోజు దక్కింది. కృనాల్ 4 ఓవర్లలో 17 పరుగులే ఇచ్చి రెండు వికెట్లు తీశాడు. పంజాబ్ 184 దగ్గర ఆగింది.

అర్ధరాత్రి బావ ఫోన్. "ఎన్ని పరుగులతోని గెల్చిన్రు?" "ఆరు." కాసేపు ఆగి అన్నాడు: "2009ల మావోళ్ళు మీకాడ తీస్కున్నయి అవ్వే. పద్దు తీరిపాయె."

అపోహ: కప్పొస్తే అన్ని బాధలూ తీరతాయి. అభిమానమంటే జనంలో కలిసి ఊగిపోవడమే.

వాస్తవం: మర్నాడు, జూన్ 4న, చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. జట్టును చూడాలని వచ్చినవాళ్ళు. నో బాల్‌కు రివ్యూ ఉంది, టైకి సూపర్ ఓవర్ ఉంది. దీనికి అలాంటిదేమీ లేదు.

ఆ సాయంత్రం బావ మళ్ళీ ఫోన్ చేశాడు. కప్పు మాట ఎత్తలేదు.

"బామ్మర్ది, మన పోరగాండ్లెవరన్న బెంగళూరు పోయిన్రా?"

"లేదు బావా. అందరూ ఇంట్లనే ఉన్నరు."

"సరే," అన్నాడు. "అక్కకు చెప్త."