167 శాతం వెనక 21 మంది

హైదరాబాద్ తార్నాకలో అశ్వగంధ సీసా దొరకని మందుల షాపు అరుదు. యూనివర్సిటీ హాస్టల్ కుర్రాళ్లు కండ కోసం కొంటారు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగనివాళ్లు మాత్రం పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. పెన్నేరుగడ్డ అని మనం పిలుచుకునే ఈ వేరు గురించి ఒక అంకె తెగ తిరుగుతుంటుంది: శుక్రకణాలు 167 శాతం పెరుగుతాయట.

అంకె అబద్ధమేమీ కాదు. 2013లో అచ్చయిన అధ్యయనంలో కణాలు తక్కువున్న 46 మందిని తీసుకున్నారు. 21 మందికి రోజుకు 675 మిల్లీగ్రాముల వేరు సారం, 90 రోజులు. మిగతా 25 మందికి ఉత్తుత్తి మందు. సారం తీసుకున్నవాళ్లలో మిల్లీలీటరుకు సగటున 95.9 లక్షలున్న కణాలు 2.56 కోట్లయ్యాయి. ఉత్తుత్తి మందు జట్టులో మార్పు నామమాత్రమే. 90 రోజులు ఎందుకంటారా? ఒక శుక్రకణం తయారవడానికే సుమారు 74 రోజులు పడుతుంది. పదిహేను రోజుల్లో ఫలితం అన్న ప్రకటన కనబడితే అక్కడితో చదవడం ఆపేయొచ్చు.

అదే అధ్యయనంలో కదలిక లెక్క 18.62 శాతం నుంచి 29.19కి చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్‌లో సంఖ్యకు కింది హద్దు 1.6 కోట్లు, కదలికకు 42 శాతం. సగటున సంఖ్య గీత దాటింది, కదలిక దాటలేదు. ఈ రెండో సంగతి సీసా మీద ఉండదు.

లక్నో పరిశోధకులు 2010లో మరో అధ్యయనం ప్రచురించారు. సంతానం లేని 75 మందికి రోజుకు 5 గ్రాముల వేరు పొడి, మూడు నెలలు. మెరుగుదల కనబడింది. కానీ పోల్చింది ఆరోగ్యవంతులతోనే. ఉత్తుత్తి మందు జట్టు లేదు. వీర్యం లెక్క ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మారిపోతుంది. ఒకసారి బాగా తక్కువొస్తే, ఏమీ మింగకపోయినా తర్వాతిసారి కాస్త పెరగొచ్చు. ఆ పెరుగుదల కూడా వేరు ఖాతాలో పడిపోతుంది.

అసలు ఇంట్లోవాళ్లు ఎదురుచూసేది కణాల కోసమా, బిడ్డ కోసమా? బిడ్డలనే లెక్కపెట్టిన పెద్ద పరిశోధన ఒకటి 2020లో అమెరికాలో వెలువడింది. మందు మూలిక కాదు, జింక్, ఫోలిక్ యాసిడ్. 2,370 జంటలు. మందు జట్టులో 404 కాన్పులు, ఉత్తుత్తి మందు జట్టులో 416. ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు రాస్తూ వచ్చిన బిళ్లల గతే ఇది! అశ్వగంధకు ఇంత పెద్ద పరీక్ష ఇంకా జరగలేదు. కాబట్టి నా లెక్కలో దానిది ఆశ పుట్టించే మొదటి మెట్టే, రుజువు కాదు. పైగా దీన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు.

తార్నాక తర్వాతి మెట్రో స్టేషన్ హబ్సిగూడ. అక్కడి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన లెక్క నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. వీర్యంలో కణమే కనబడని 340 మందిని పరీక్షిస్తే 29 మందిలో, అంటే 8.5 శాతం మందిలో, వై క్రోమోజోమ్‌లో ముక్కలు ఊడిపోయి ఉన్నాయి. పుట్టుకతో లేని జన్యువును ఏ వేరూ తిరిగి అతికించలేదు. ఈ సంగతి తెలియకుండా ఏడాదిపాటు సీసాలు ఖాళీ చేస్తే భార్య వయసు కూడా ఏడాది పెరుగుతుంది.

సీసా కొనేముందు వీర్య పరీక్ష చేయించుకోవాలి. కొన్ని వారాల తేడాతో రెండుసార్లు. ప్రతిసారీ రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాతే నమూనా ఇవ్వాలి; ఆ విరామం తప్పితే అంకె కూడా తప్పుతుంది.