నీ చెయ్యి మంచిది కాదా?

మేడ్చల్ దగ్గరి గౌడవెల్లి వంటి ఊళ్ళలో వేసవి మధ్యాహ్నాలు అరుగుల మీద అష్టా చెమ్మా ఆడడం పాత అలవాటు. బండ మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీస్తారు. నాలుగు చింతగింజలను ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తారు. ఇక ఆట సిద్ధం!

ఎన్ని గింజలు తెల్లగా పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. చాలాచోట్ల ఈ రెంటిలో ఒకటి పడితేగాని కాయ ఇల్లు కదలదు.

ఎంతసేపటికీ పందెం పడని పిల్లతో "నీ చెయ్యి మంచిది కాదు" అంటారు. పాపం, ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. విద్యార్థులారా! నిజంగా చేతిలో మంచీ చెడూ ఉంటాయా? లెక్క వేసి చూద్దాం.

ఒక్కో గింజ రెండు విధాలుగా పడగలదు. నాలుగూ కలిసి 2×2×2×2 = 16 విధాలు. తెలుపు, నలుపు సమానంగా పడతాయనుకుంటే, ఒకటికి 4 విధాలు, రెండుకు 6, మూడుకు 4, చెమ్మాకు 1, అష్టాకు 1. కాయ కదిలే అవకాశం 16లో 2, అంటే ఎనిమిదో వంతు.

"అయితే ఎనిమిదిసార్లు వేస్తే ఒకసారి పడి తీరాలి కదా?" అంటారా? అలా కాదు. ఒకసారి వేసినపుడు పడకుండా పోయే అవకాశం 7/8. ఎనిమిది 7/8లను గుణించి చూడండి. సుమారు 0.34 వస్తుంది. అంటే ఎనిమిదేసిసార్లు వేసేవారిలో నూటికి సుమారు 34 మందికి ఒక్కసారీ పడదు! వీళ్ళందరి చేతులూ చెడ్డవేనా? ఇంతకుముందు ఏం పడిందో, ఎవరు వేశారో గింజలకు తెలియదు.

1654లో ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే గణితవేత్తలు ఇలాంటి పందేల చిక్కుల మీదే ఉత్తరాలు రాసుకున్నారు. సంభావ్యత గణితానికి అవి పునాది అయ్యాయి.

ఇంకో మెలిక ఉంది. గింజ ఒకవైపు చదును, మరోవైపు గుండ్రన. రెండువైపులూ సమానంగా పడకపోవచ్చు. నూటికి 60 సార్లు తెల్లగా పడే గింజలైతే చెమ్మా అవకాశం సుమారు 13 శాతం, అష్టా అవకాశం 3 శాతం లోపే! తేడా గింజలోనిదే, చేతిలోది కాదు.

మీరూ చేసి చూడండి. "మంచి చెయ్యి" అని పేరున్న ఒకరిచేత, లేని ఒకరిచేత అవే గింజలను గుప్పిట్లో బాగా కలిపి చెరి 200 సార్లు వేయించండి. పట్టిక రాయండి. కొద్దిపాటి తేడా మామూలే. ఈసారి ఎవరైనా "నీ చెయ్యి మంచిది కాదు" అంటే, ఆ పట్టిక చూపించండి.